తువ్వాలు కింద కంప్యూటర్ బేరం

ఆ రోజుల్లో వస్తువు పాడైతే బాగుచేయించుకోవడమే తెలుసు, పారేసి కొత్తది తెచ్చుకోవచ్చన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చేది. చెప్పు తెగితే కుట్టించుకున్నాం, కుక్కర్ పిడి ఊడితే తీగ చుట్టుకున్నాం. అలాంటి ఇంట్లో పుట్టి కూడా, ఇరవై రెండేళ్ల వయసులో నేను ఒక ఎండాకాలమంతా ఒక పాత వస్తువు చావాలని మనసారా కోరుకున్నాను. అది నాకు నాలుగు రూపాయలు సంపాదించి పెడుతున్న నా కంప్యూటరే.

మాది రాప్తాడు దగ్గర ఒక పల్లె. రోడ్డువైపున్న మా ముందుగదిలో సగం విత్తనపు వేరుశనగ మూటలు, మిగతా సగం నా డీటీపీ షాపు. పెళ్లిపత్రికలు, అర్జీలు కొట్టి ఇచ్చేదాన్ని. కంప్యూటర్ అనంతపురంలో ఎవరో వాడి వదిలించుకున్నది. ఆ ఏడు ఉగాది పోయాక దానికి కొత్త జబ్బు పట్టుకుంది: పది నిమిషాలు నడిచి టప్పున ఆగిపోయేది. పెళ్లికూతురి పేరు కొట్టేసరికి ఆగితే, పెళ్లికొడుకు పేరు కోసం మళ్లీ శుభలేఖ మొదటినుంచి కొట్టాల్సి వచ్చేది. ఇక లాభం లేదని అనంతపురంలో రిపేరు చేసే బోర్డన్న దగ్గరికి వెళ్లాను. (అసలు పేరు వేరే. ఏది చెడినా "బోర్డు పోయింది" అంటాడని అందరూ పెట్టిన పేరు అది.)

"ఎన్నేండ్లదక్కా అది?" అన్నాడు. ఏడెనిమిదేళ్లు ఉండొచ్చన్నాను. "బోర్డు పోయింటాది. ఇంగ దాన్ని బాగుచేసేదానికంటే కొత్తది కొనుక్కునేదే మేలు" అని తేల్చేశాడు. "ఒకసారి వచ్చి చూడన్నా" అని నేను అనాలి కదా! అనలేదు. ఎందుకంటే అతని షాపులో మూలనున్న పల్చటి నల్ల మానిటర్ మీద అప్పటికే నా కన్ను పడింది. నాకు కావలసిన మాట అతని నోట వచ్చింది, చాలు. అదే మాట ఇంకొంచెం ఘాటుగా ఇంట్లో చెప్పాను.

నాయన ఆ సాయంత్రం అన్నం తిని చెయ్యి కడుక్కుని, "ఎద్దులు అమ్ముదాంలే పాపా" అన్నాడు. "ఎద్దులు లేకుంటే సేద్యం ఎట్ల నాయనా?" అన్నాను. (అన్నానే గానీ గట్టిగా అనలేదు.) "యాడ సూసినా ట్రాక్టర్లే గదా. ఎవర్నో ఒకర్ని అడుక్కుంటాం" అన్నాడు. మా సీమలో వాన ఎప్పుడో ఒకసారి పడుతుంది. ఆ పదును ఆరేలోగా విత్తనం నేలలో పడాలి. ఊరంతా అదే నాలుగు రోజుల్లో ట్రాక్టర్ కోసం ఎగబడుతుంది, మా వంతు వచ్చేసరికి నేల ఎండిపోతుంది. రైతుబిడ్డను, ఇది నాకు తెలియదా? తెలిసీ, మరుసటి రోజు నుంచే షాపుకు వచ్చినవాళ్లందరితో "కొత్తది వస్తాంది" అని చెప్పుకున్నాను.

సంత రోజు తెల్లవారకముందే నాయన ఎద్దులను తోలుకుని వెళ్లిపోయాడు. కొత్తదానికి బల్ల ఖాళీ చేద్దామని నేను పాత కంప్యూటర్ పెట్టెను గోడ దగ్గర నుంచి లాగి వెనక్కి తిప్పాను. చూస్తే దాని కంతలన్నిట్లో గుడ్డపేలికలు! అమ్మ పాత చీరవి. "ఏంమా ఇది?" అని అరిచాను. "ఉగాదికి ఇల్లు కడిగేటప్పుడు అండ్లోకి బల్లి దూరింది పాపా. విత్తనం కాడ ఎలుకలు దూరకుండ ఎట్ల కుక్కుతానో అట్లే కుక్కినా. అప్పట్నుంచీ లోపలికి పురుగూ పోలే, దుమ్మూ పోలే, సూడు!" అంది అమ్మ, నేను మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ.

పేలికలన్నీ పీకి ఆన్ చేశాను. లోపల ఫ్యాను గిర్రున తిరిగింది. పది నిమిషాలు దాటాయి, ఇరవై దాటాయి. నేను ఎదురుగా కూర్చుని చేతులు జోడించి, "ఆగిపోవే తల్లీ, ఒక్కసారి ఆగిపో" అని మొక్కుతున్నాను. గంటైనా ఆగలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇంకో పది నిమిషాలు గడువు కూడా ఇచ్చాను. పేలికలు మళ్లీ కుక్కేస్తే ఎవరికి తెలుస్తుందన్న ఆలోచన కూడా వచ్చింది. ఒకటి చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు కిటికీలోంచి ఎద్దులను కట్టేసే చోటు కనిపించింది, ఖాళీగా. పేలిక అక్కడే పడేసి రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో ఎక్కాను.

సంతలో ధర నోటితో చెప్పరు. ఇద్దరూ తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకుని బేరమాడుకుంటారు. నేను వెళ్లేసరికి నాయన చెయ్యి, దళారి చెయ్యి తువ్వాలు కిందే ఉన్నాయి. "నాయనా, అమ్మొద్దు!" అని కేక పెట్టాను. చుట్టూ ఉన్న మగవాళ్లంతా తిరిగి చూశారు. "ఏమైంది పాపా, అమ్మకేమన్నా..." అన్నాడు నాయన కంగారుగా. "కంప్యూటర్ బాగుండాది! బోర్డూ పోలే, ఏమీ పోలే. అమ్మ కంతలకు గుడ్డలు కుక్కింది, దానికి ఊపిరాడక ఆగిపోతాండె!" దళారికి ఏమర్థమైందో గానీ, "అంటే గొడ్డుకు ఏం రోగం లేదంటావు?" అన్నాడు. నాయన చెయ్యి బయటికి తీసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఏమనుకోకన్నా. బేరం లేదు."

ఎద్దుల వెనక ఇద్దరం ఇంటిదారి పట్టాం. "నీకు కొత్తది కావల్లని ఉండె గదా?" అన్నాడు ఉన్నట్టుండి. "ఉండె." "గమ్మునుండింటే వచ్చుండు గదా." "గమ్మునుందామనే అనుకుంటి నాయనా" అని చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన ఎద్దు వీపు నిమురుతూ, "పొద్దున్నించి రెండు బేరాలు కుదిరినాయి పాపా, రెండూ నేనే చెడగొట్టినా. మూడోదాన్ని చెడగొట్టేకి సాకు దొరక్క సస్తాంటి, నువ్వొచ్చినావు" అన్నాడు.

ఆ పెట్టె ఇంకో మూడేళ్లు నడిచింది. దాని ముందు చేతులు జోడించి ఆగిపొమ్మని మొక్కిన పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కానీ ఆటో ఎక్కింది కూడా ఆ పిల్లే కదా అని సర్దిచెప్పుకుని, ఎవరూ చూడకుండా కాస్త నవ్వుకుంటాను.