నోర్మా పట్టిన లీకు

నోర్మా రాబ్సన్ ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. లైను పోయినవాళ్ళ తిట్లు తినడం ఆమె ఉద్యోగం, తప్పెక్కడుందో పట్టడం ఆమె విద్య. రిటైరయ్యాక దూరవిద్యలో చరిత్ర డిగ్రీకి చేరింది. ఎనిమిదేళ్ళు చదివి, అరవై ఎనిమిదో ఏట, గురువారం పొద్దున పదింటికి కంప్యూటర్ ముందు చివరి మౌఖిక పరీక్ష ఇవ్వాలి. మధ్యలో తెర ఆగిపోయిందా, మళ్ళీ వచ్చే ఏడాదే.

సరిగ్గా ఆ వారమే ఇంటర్నెట్ మొండికేసింది.

నార్తంబర్లాండ్ పల్లెలో రాతి ఇల్లు అది. ఆ గోడలు దాటి వైఫై మేడ మీదికి రాదు. ఫోన్ సిగ్నల్ ఆ లోయలోకి తొంగి కూడా చూడదు. అందుకని కింద ముందుగదిలో రౌటర్ దగ్గర ఒక డబ్బా, మేడగదిలో ఇంకో డబ్బా ప్లగ్గుల్లో పెట్టుకున్నారు. ఇంట్లో కరెంటు తీగల మీదుగానే ఇంటర్నెట్ పైకెక్కుతుంది. పరీక్షకు తలుపు మూసిన గది ఉండి తీరాలన్నారు కాబట్టి మేడగదే గతి. అక్కడేమో డబ్బా మీద పచ్చదీపం పోయి ఎర్రదీపం వెలుగుతోంది.

కంపెనీకి ఫోన్ చేస్తే, "మా వైపు అంతా బానే ఉందండీ, ఒకసారి ఆపి వెయ్యండి" అన్నారు. అదే మాట తను లక్షసార్లు చెప్పింది కనుక నోర్మాకు ఒళ్ళు మండింది. అయినా ఆపి వేసింది. డబ్బాను ఎక్స్‌టెన్షన్ బోర్డులోంచి పీకి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టింది. వైరు మార్చింది. ఏం లాభం లేదు.

అప్పుడిక పెన్సిలు తీసి వేళలు రాసుకుంది. సోమవారం పొద్దున తొమ్మిదికి పోయింది, రాత్రి ఏడుకి వచ్చింది. మంగళవారమూ అంతే. మనుషులెవరూ ఇంత కచ్చితంగా ఏ పనీ చెయ్యరు. గడియారం ఉన్న వస్తువేదో చేస్తున్న పని ఇది.

"పెరటి షెడ్డులో కొత్తగా ఏమన్నా పెట్టావా?" అని భర్త రాల్ఫ్‌ని అడిగింది.

"నేనా? మొక్కలు తప్ప అక్కడేముంది?" అన్నాడతను టీకప్పులోకి చూస్తూ.

రాల్ఫ్ పెంచేవి లీక్ మొక్కలు, ఉల్లికాడలకు పెద్దన్నల్లాంటివి. సెప్టెంబరు పోటీలో ఎవరి లీక్ లావైతే ఏడాదంతా ఊళ్ళో వాళ్ళదే పెత్తనం. ఏ ఎరువు వేశారో, ఏ విత్తు నాటారో పెళ్ళాలకు కూడా చెప్పరు. పేరుకు లీకే గానీ ఆ మగవాళ్ళ నోట ఒక్క ముక్క లీకవదు.

బుధవారం తొమ్మిది దాటాక నోర్మా మేడగది డబ్బాను కిందికి దించి, ఫ్యూజు పెట్టె పక్కన ప్లగ్గులో పెట్టింది. రౌటరుకీ డబ్బాలకీ కరెంటిచ్చే స్విచ్చు వదిలేసి మిగతావి ఒక్కొక్కటే దించింది. లైట్లు ఆపింది, ఎరుపే. పొయ్యి ఆపింది, ఎరుపే. షెడ్డు స్విచ్చు దించగానే పచ్చదీపం వెలిగింది.

పెరట్లోంచి కేక వినిపించింది. "ఎవర్రా నా లైట్లు ఆపింది?"

"ఏ లైట్లు రాల్ఫ్?" అంది నోర్మా.

నోర్మా వెళ్ళి షెడ్డు తలుపు తీసింది.

చవగ్గా వచ్చాయని కొన్న ఆరు దీపాలు. టైమరు పెట్టి, నారు మీద రోజుకు పది గంటలు వెలిగిస్తున్నాడు. వాటి రొద కరెంటు తీగల్లోకెక్కి ఇంటర్నెట్‌ను చెడగొడుతోంది.

"మెల్లిగా! పోటీలో నాతో తలపడే ఆ కథ్‌బర్ట్‌కి తెలిస్తే నా కొంప మునుగుద్ది" అన్నాడు రాల్ఫ్.

"ఇక్కడ మునిగింది నా కొంప, మహానుభావా! రేపొక్క పూట చీకట్లో ఉంటే చస్తాయా అవి?"

"చావవు గానీ... అలుగుతాయి."

"అలగనీ. ఎనిమిదేళ్ళు నేనలగలేదు."

గురువారం తొమ్మిది కాకముందే రాల్ఫ్ తన చేత్తోనే ప్లగ్గు పీకి, షెడ్డు గుమ్మంలో కాపలా కూర్చున్నాడు. మేడ మీద నోర్మా, రేవుల్లో హెర్రింగ్ చేపలు కోసి పొట్టపోసుకున్న ఆడవాళ్ళ గురించి నలభై నిమిషాలు గుక్కతిప్పుకోకుండా మాట్లాడింది. తెర ఒక్కసారి కూడా ఆగలేదు.

మూడు వారాలకు ఫలితం వచ్చింది. మొదటి శ్రేణి! నోర్మా వంటింట్లో నిలబడి చిన్నపిల్లలా ఏడ్చేసింది.

ఆ శనివారం క్లబ్బులో లీక్ జనమంతా ఉండగా రాల్ఫ్ లేచి నిలబడ్డాడు. "మా ఆవిడ డిగ్రీ పాసయింది! అది కాదు సంగతి. నా షెడ్డులో దీపాలు లైను పాడుచేస్తున్నాయని కంపెనీవాళ్ళకే తెలీలేదు, ఈవిడ ఒక్కపూటలో పట్టేసింది!"

కథ్‌బర్ట్ గ్లాసు నోటి దాకా వచ్చి ఆగింది. "దీపాలా? ఎన్ని?"

"ఆరు. రోజుకు పది గంటలు. కావాలంటే రాసుకో" అన్నాడు రాల్ఫ్, నోర్మా భుజం చుట్టూ చెయ్యేసి.