పెద్దనాయన ఊపిరి బిగబట్టిన బొమ్మ

కుంచె చేతికొస్తే చాలు, లోకం మన కోసమే కాచుకుని ఉందనిపించే వయసు ఒకటి ఉంటుంది. ఆ వయసులో నాకు ఉన్న గర్వాలు రెండే, ఒకటి గడ్డం, రెండోది హాలెండు. (గడ్డం పలచగా ఉండేది. హాలెండు నేను చూడలేదు.) బొమ్మల కాలేజీ చదువు ముగించి బళ్ళారిలో ఒక బడిలో డ్రాయింగు మేష్టరుగా అప్పుడే చేరాను. నాలుగు వందల ఏళ్ళ కిందట హాలెండులో ఉండిన ఒక చిత్రకారుడి బొమ్మలు పుస్తకాల్లోనూ ఫోన్లోనూ చూసి చూసి నాకు పిచ్చి పట్టింది. ఆయన పేరు ఇక్కడ చెప్పను, అప్పట్లో రోజుకు పదిసార్లు చెప్పి బంధువులందర్నీ విసిగించినందుకు ఇదే నా ప్రాయశ్చిత్తం. ఆయన గీసిన మనుషులు బొమ్మ కోసం కూర్చున్నట్టు ఉండరు. కుర్చీలో పక్కకు తిరిగి, వెనక చెక్క మీద మోచెయ్యి వేసి, ఎవరికో బదులు చెప్పబోతున్నట్టు ఉంటారు. పేజీ దగ్గరగా పట్టి చూస్తే రంగులన్నీ తొందరలో గీసి పారేసిన గీతల్లా కనిపిస్తాయి. చేయి చాచి దూరంగా పట్టుకుంటే ఆ గీతలే పెదవి అవుతాయి, ఆ పెదవి కదులుతుంది. నేనూ అలా గీయగలను, అవకాశమే రాలేదు అని నా నమ్మకం.

ఆ అవకాశం మా పెద్దమ్మ తెచ్చింది, నేను ఎన్నడూ కోరుకోని విధంగా. మా పెద్దనాయన జీన్సు బట్టలు ఉతికే యూనిట్లో చాలా ఏళ్ళు పనిచేశాడు. మణికట్టు దాకా నీలిరంగు వదలని చేతులు, మొదలుపెడితే ఆగని మాట. ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లో ఆయన చుట్టూ జనం చేరితే ఆ ఆదివారం చాలా ఇళ్ళల్లో వంట ఆలస్యమయ్యేది. అలాంటి మనిషికి కింది దవడలో పుండు పడింది. దవడ కొంత తీసేయాలని, వారంలో చేరమని డాక్టర్లు చెప్పారు. పెద్దమ్మ నా గదికి వచ్చి, కొంగు మడతపెడుతూ కూర్చుంది.

“ఆపరేషన్ అయినంక ముఖం ఎట్లుంటాదో చెప్పలేమన్నారప్పా. మనిషి బతికితే చాలు, ఎట్లున్నా నాకు పర్వాలేదు. కానీ ఈ ముఖం కూడా నాకు కావాల. ఫోటోలు ఉండాయి గానీ అన్నిట్లోనూ పోలీసాయన మాదిరి ఉండాడు. నువ్వు గీస్తావా?”

ఆ ఫోటోల వెనక ఒక చరిత్ర ఉంది. మిషను కాలంలో మా సంఘానికి ఫోటో తీసిన దొర ఎవరో “కదలొద్దు, ఊపిరి తీయొద్దు” అన్నాడట. కెమెరాలు మారాయి, దొరలు వెళ్ళిపోయారు, ఆ మాట మాత్రం మాకు పదకొండో ఆజ్ఞగా మిగిలిపోయింది. (చర్చి గదిలోని పాత ఫోటోలో కదిలినట్టు కనిపించేది ముందు వరసలో ఉన్న కుక్క తోక ఒక్కటే.)

పెద్దనాయన మెడ దాకా గుండీలు పెట్టుకుని, ఒళ్ళో బైబిలుతో, కాళ్ళకు బూట్లతో వచ్చి కూర్చున్నాడు. ఛాతీ దాకానే గీస్తాను, బూట్లెందుకని అడిగాను.

“బూట్లు లేకుంటే ముఖంలో తెలుస్తాదప్పా” అన్నాడు.

నేను కుంచె ఎత్తితే ఊపిరి బిగబట్టేవాడు, దించితే వదిలేవాడు. ఆపరేషన్ దాకా పోకుండా నా బొమ్మే ఆయన ప్రాణం తీసేటట్టుందని భయమేసింది. నవ్వించాలని నాకు తెలిసిన జోకులన్నీ చెప్పాను. “నగేది తర్వాత నగుతా, ముందు నువ్వు గీయి” అన్నాడు పెదవి కదపకుండా. మూడు రోజులు ప్రతి గుండీనీ శ్రద్ధగా గీశాను. పెద్దమ్మ వచ్చి బొమ్మ ముందు నిలబడింది.

“మర్యాదస్తుడే. కానీ ఎవరప్పా ఈయన?”

నాకు రోషం వచ్చింది. కాంతి గురించీ, నీడ గురించీ, హాలెండు గురించీ చాలాసేపు చెప్పాను. ఆమె అంతా ఓపికగా విని, “ఆ హాలెండాయన దగ్గర కూచున్నోళ్ళు ఊపిరి తీస్తాండ్రా?” అని అడిగింది. నేను కుంచెలు కడగడానికి లేచాను.

మర్నాడు ఆస్పత్రిలో చేరాలనగా ఆఖరి రోజు. పెద్దనాయన మళ్ళీ బిగుసుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ జొన్నల చాట తెచ్చుకుని గడప దగ్గర కూర్చుని, ఊరికే పొద్దుపోక అన్నట్టు నాతో మొదలుపెట్టింది.

“మా పెండ్లి హచ్చొళ్ళిలో అయ్యింది కదప్పా. చర్చి నుంచి ఇంటికొస్తాంటే వానొచ్చె. ఈయన కొత్త నీలి ప్యాంటు రంగు కారి నా తెల్ల చీరంతా పాడాయె.”

పెద్దనాయన కనుబొమ కదిలింది. ఊపిరి మాత్రం ఇంకా లోపలే ఉంది.

“ఎద్దులబండిలో వస్తాంటిమి” అంది పెద్దమ్మ, జొన్నలు చెరుగుతూ.

అంతే, ఊపిరి బయటికొచ్చింది. ఆయన కుర్చీలో గిర్రున పక్కకు తిరిగి, వెనక చెక్క మీద మోచెయ్యి వేశాడు. “వాన యాడొచ్చిందే? ఎద్దులబండి ఏంది? ట్రాక్టరు కాలవలో దిగబడ్లేదా?”

“వానే. నాకు బాగా గుర్తుండాది.”

“నీకు గుర్తుండేది నీ తలకాయ.” బైబిలు కిటికీలో పెట్టాడు, పై గుండీ ఊడదీశాడు, ఇంక మాట ఆగలేదు. ఆమె ఆగనిచ్చిందీ లేదు.

నేను కొత్త కాన్వాసు ఎప్పుడు ఎత్తి పెట్టానో నాకే తెలియదు. ముందు గీత గీసుకోలేదు, తడి రంగు మీదే తడి రంగు వేస్తూ పోయాను. ఎడమ దవడ దగ్గరికి వచ్చాను. ఆపరేషన్ తర్వాత ఉండని చోటు అది. ఏడుపు ఆపుకుంటూ అక్కడ రెండు గీతలు గీసి వదిలేశాను. ఆ రెండు గీతలే ఆ బొమ్మలో అన్నిటికంటే బాగా కుదిరాయి. పెద్దమ్మ లేచి వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఈయనే” అంది.

పెద్దనాయన బతికాడు. చెంప లోపలికి పోయింది, మాట పెద్దమ్మకు తప్ప ఇంకెవరికీ అర్థం కాకుండా అయ్యింది. కొన్ని నెలల తర్వాత సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు గారు పలకరించడానికి వచ్చి గోడ మీది బొమ్మ చూశారు. “ఏందో చెప్తాండారే పెద్దాయన, ఏం చెప్తాండారు?” అని అడిగారు. పెద్దనాయన నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. ఆ గదిలో నేనూ ఉన్నాను, ఎటు చూడాలో తెలియలేదు.

పెద్దమ్మే చెప్పింది. “మా పెండ్లి సంగతయ్యా. ఆ దినం చినుకు లేదు. ట్రాక్టరు కాలవలో దిగబడె. పెండ్లికూతురి కాళ్ళు తడవకూడదని ఈయన నడుం లోతు నీళ్ళల్లో దిగి నన్ను ఎత్తుకోని దాటించినాడు. ఆ ప్యాంటు రంగు అప్పుడు అంటుకునింది నా చీరకు. ఇన్నేండ్లూ నలుగుర్లో చెప్పేకి సిగ్గయి, వాన వాన అంటాంటి.”

పెద్దనాయన కుర్చీలో పక్కకు తిరగలేదు. సరిదిద్దడానికి ఆమె ఒక్క తప్పూ చెప్పలేదు. తల వంచుకుని నీలి చేతుల్తో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ బొమ్మ మూల నా సంతకం ఉంది, ఎర్ర రంగుతో, పెద్దనాయన చెవి కంటే పెద్దదిగా. హాలెండులోనూ ఆ కుర్చీల పక్కన ఎవరో ఒకరు కూర్చుని కథ తప్పుగా చెప్పే ఉంటారని నాకిప్పుడు అనిపిస్తుంది. మొన్న వెళ్ళినప్పుడు నా సంతకం పక్కన నీ పేరు కూడా రాస్తాను పెద్దమ్మా అన్నాను. “సుమ్నె ఉండప్పా, ఊరికే ఉండు, ఆయన ముఖం పక్కన ఇంగ జాగా యాడుండాది” అని లోపలికి పోయింది. నిజమే, జాగా అంతా అప్పటి ఆ పలచగడ్డం కుర్రవాడు తన సంతకానికే వాడేశాడు.