కల్బాలో తడిసిన గోడ

మా వీధిలో కొత్త గోడకి మేస్త్రీ గొట్టంతో నీళ్ళు కొడుతుంటే, తడపడం మంచిదేనని తెలిసి కూడా చూడలేక కిటికీ మూసేశాను.

దుబాయ్ వెళ్ళానని ఊళ్ళో అనేవారు గానీ, 2012 ప్రాంతంలో నేను వంటపని చేసింది షార్జా కిందికి వచ్చే కల్బాలో, సముద్రం పక్కన తాతలనాటి ఇంట్లో. యజమానురాలు ముసలావిడ, అందరం ఉమ్మీ అనేవాళ్ళం, అంటే అమ్మ అని. ఆవిడ మామగారి తాత కట్టించిన ఇల్లట. సముద్రంలోంచి తీసిన పగడపు రాళ్ళని జిప్సం కాల్చి చేసిన గచ్చుతో పేర్చి, ఆఫ్రికా నుంచి పడవల మీద వచ్చిన మడచెట్ల దుంగలతో కప్పు వేశారు. దుంగ ఎంత పొడవో గది అంతే వెడల్పు కాబట్టి, మంచం వేస్తే మనిషి పక్కకి తిరిగి నడవాలి. అయినా పైగాలిని గదిలోకి దింపే గాలి గోపురం పుణ్యమా అని నడివేసవిలోనూ ఆ గదిలో కునుకు పట్టేది.

ఉమ్మీ కొడుకు మరమ్మతు పెట్టిస్తే, మేస్త్రీగా వచ్చినవాడు కూలీల క్యాంపులో ఉండే మా తమ్ముడే. మా గోదావరి మేస్త్రీలకి పూత వేశాక పూటపూటా తడపందే నిద్ర పట్టదు. వీడు తను నీళ్ళు తాగడం మరిచినా గోడకి తాపడం మరిచేవాడు కాదు. సిమెంటు నీళ్ళు తాగి గట్టిపడుతుంది, ఆ పాత గచ్చు నీళ్ళు తాగి కరుగుతుంది. ఆ సంగతి అక్కడ ఒక్కరికీ తెలియదు. మంచికి పోతే చెడు ఎదురైనట్టు, ఒక మధ్యాహ్నం గోపురం కింది గోడ ఉబ్బి పొడి రాలడం మొదలైంది. మేం ముదీర్ అని పిలిచే మేనేజరు ఖలాస్, ఖలాస్, ఇక చాలు అని అరుస్తూ అందరినీ బయటికి తరిమాడు. ఉమ్మీ మాత్రం మంచం మీంచి కదల్లేదు. కోడలిగా అడుగుపెట్టిన గది, భర్త పోయిన గది, పడితే నామీదే పడనీ అంది.

నేను చొక్కా పట్టుకుని లాగుతున్నా విదిలించుకుని మా తమ్ముడు లోపలికి పరుగెత్తి, ఆవిడ కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు.

"ఉమ్మీ, పానీ హమ్ డాలా. తుమ్ నహీ ఆయా తో హమ్ భీ నహీ జాతా."

నీళ్ళు పోసింది తనే కాబట్టి ఆవిడ రాకపోతే తనూ రాడట! నేను గుమ్మంలోంచే అరిచాను.

"ఒరే, నీకు దణ్ణం పెడతాను, వచ్చెయ్యరా! ఉమ్మీ, ఇస్కా ఛోటా ఛోటా బచ్చా హై!"

పసిపిల్లల తండ్రి అనేసరికి ఉమ్మీ గోడని చూసింది, వాణ్ణి చూసింది. వాడి భుజం పట్టుకుని లేచి, "యల్లా" అంది విసుగ్గా, ఇక పద అన్నట్టు. ఇద్దరూ వాకిలి దాటుతుండగానే గోపురంతో సహా గోడ కూలిపోయింది.

తర్వాత ఇల్లంతా సిమెంటు దిమ్మలతో మళ్ళీ అలాగే కట్టి, పైన పాత రంగు వేశారు. గోపురం ఉంది గానీ అందులోంచి గాలి దిగదు, లోపల ఏసీ. జనం వచ్చి ఫొటోలు తీసుకుంటారు, అచ్చం పాతదేనని మురిసిపోతారు. ఆ ఇల్లు ఇక లేదన్న దిగులు నాకు ఇప్పటికీ తీరలేదు. ఉమ్మీ మాత్రం పోయేదాకా కొడుకు విల్లాలోనే ఉంది. ఎవరైనా పాత ఇంటి ఊసెత్తితే, మాట మార్చి నా వైపు తిరిగి, మా తమ్ముడి పిల్లలు ఎంత ఎత్తు ఎదిగారో చేత్తో చూపించమనేది.