ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషి

పసిపిల్లల్ని పగలంతా చూసుకునే కేంద్రాలకి కట్టాల్సిన ఫీజులో చాలా భాగం ప్రభుత్వమే కడుతుందని మా ఆఫీసులో ఒకావిడ చెప్పినప్పుడు నేను పెద్దగా నమ్మలేదు. ప్రభుత్వం ఏదిచ్చినా దానికో మెలిక ఉంటుంది. ఈ మెలిక చిన్నదే. తల్లి ఉద్యోగం చేస్తుండాలి, ఇంట్లో బిడ్డను చూసుకోవడానికి ఖాళీగా ఉన్న పెద్దవాళ్ళెవరూ ఉండకూడదు. మా ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్ళెవరూ లేరు. ఆ ధీమాతోనే దరఖాస్తు పెట్టాను.

మాది ఉయ్యూరుకి కాస్త ఎడంగా ఉన్న నేత పేట. మామగారు గుంటమగ్గం మీద చీరలు నేస్తారు. మా ఆయన పట్నంలో, వన్ టౌన్‌లో, హోల్‌సేల్ బట్టల కొట్లో పనిచేస్తారు. నేను రోజూ బస్సెక్కి బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఒక ఆడిటర్ ఆఫీసుకి వెళ్తాను. అత్తగారు పొద్దున్నే వంట ముగించి రాట్నం ముందు కూర్చుంటుంది. మగ్గం మీద అడ్డంగా పోగు వేసే మామగారి నాడెలోకి నూలు కండెలు చుట్టి అందించాలి. దీపాలు పెట్టేవేళ దాకా అదే పని. అటూ ఇటూ పోకుండా మా రెండేళ్ళ పాపని పాత చీర ముక్కతో మంచం కోడుకి కట్టేసేది. పేటలో అందరూ అలాగే పెరిగారు, మా ఆయనతో సహా. ఒకరోజు ముడి జారి పాప మగ్గం గుంటలో పడింది. నుదురు బొప్పి కట్టింది, అంతకుమించి ఏమీ కాలేదు. అయినా, ఏదో ఒక దారి దొరక్కపోతే ఉద్యోగం మానేస్తానని ఆ సాయంత్రం మా ఆయనతో అన్నాను. మానాలని నాకు ఏ కోశానా లేదు. పెళ్ళికి ముందు నుంచీ చేస్తున్న ఉద్యోగం, నాకిష్టం.

విచారణకి గ్రామ సచివాలయం నుంచి ఒక అమ్మాయి వస్తుందని ముందే చెప్పారు. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. అత్తగారికి మాత్రం ఏమీ నేర్పలేదు. ఉన్నమాట చెప్పడానికి నేర్పేదేముంది అనుకున్నాను.

మా పేటలో ఒక మర్యాద ఉంది. ఇంటికి మనిషొస్తే ఆడవాళ్ళు రాట్నం ఆపేస్తారు. వచ్చినవాళ్ళ ముందు తిప్పుతూ కూర్చుంటే ఇక దయచెయ్యండి అన్నట్టే. ఆ అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వీధి మలుపు తిరగ్గానే అత్తగారు రాట్నాన్ని గోడవారకి జరిపి దుప్పటి కప్పేసింది. కాళ్ళు కడుక్కుని, చీర మార్చుకుని, పాపని చంకనేసుకుని కుర్చీ వేసింది. చూసేవాళ్ళకి ఏ పనీ లేని సుఖమైన ఇల్లాలు.

"మీరేం చేస్తుంటారండీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

"నేనా? ఏముందమ్మా, ఊరికే ఇంట్లోనే ఉంటాను."

"మరి పాపనెవరు చూసుకుంటారు?"

"నానమ్మని, నేను లేనూ?"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా పూజారి సచివాలయంలో లేడు, మా వంటింట్లోకి కాఫీ కలపడానికి వెళ్ళింది. రాట్నం సంగతి నేను చెప్పబోయాను. ఆ అమ్మాయి మర్యాదగానే విన్నది గానీ, పెద్దావిడ స్వయంగా చెప్పింది కదండీ అన్నది. కొన్నాళ్ళకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఇంట్లో చూసుకునేవారు ఉన్నందున అనర్హులట.

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని మా ఆయన దగ్గర గొణిగితే, ఆ అమ్మ తన అమ్మే కాబట్టి ఆయన విననట్టు ఊరుకున్నారు. అత్తగారిని మెల్లగానే అడిగాను. ఆవిడకి నా బాధ అర్థమే కాలేదు. తను అబద్ధమాడలేదు. మగ్గం మీద కూర్చుంటే పని, కండెలు చుట్టడం పనెలా అవుతుంది, అన్నం వండటం కూడా పనేనని ఎవరైనా రాయించుకుంటారా అని నన్నే ఎదురడిగింది. కూలి కూడా మామగారి పేరునే వస్తుంది మరి.

సచివాలయానికి వెళ్ళి మళ్ళీ ఒకసారి చూడమని బతిమాలుకున్నాను. ఈసారి ఆ అమ్మాయి చెప్పకుండా, నేను ఆఫీసుకి బయల్దేరుతుండగా వచ్చింది. అత్తగారు రాట్నం ఆపి లేవబోతే వద్దని, ఆవిణ్ణి ఏమీ అడక్కుండా నేరుగా మగ్గం దగ్గరికి నడిచింది.

"ఆవిడ ఒకరోజు కండెలు చుట్టకపోతే మీరేం చేస్తారండీ?"

మామగారు మితభాషి. నాడె ఆపారు.

"ఏం చేస్తానమ్మా. గుంటలోంచి లేచి అరుగు మీద కూర్చుంటా."

ఆ అమ్మాయి నవ్వి, ట్యాబ్‌లో అత్తగారి వృత్తి దగ్గర నేత పని అని నొక్కింది. ఆ నెల తిరిగేలోపే సాయం మంజూరైంది. మా ఆఫీసు పక్క సందులోనే కేంద్రం. నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోవలసిన అవసరం కనపడలేదు. స్వీట్లు కొని తెచ్చాను.

అత్తగారు స్వీటు ముట్టలేదు. పాపకి తల దువ్వుతూ, నావైపు చూడకుండా అన్నది: "నేను పని చేస్తానని రాసుకున్నారు, బాగానే ఉంది. పిల్లని చూసుకోలేనని కూడా రాసుకున్నట్టేగా."

ఆవిడ చుట్టిన కండెల్ని ఈ ఇంట్లో ఎవరూ ఏనాడూ మెచ్చుకోలేదు. పిల్లల్ని పెంచిందని మాత్రం పేటంతా చెప్పుకుంటుంది. తన ముగ్గుర్నీ, మరిదిగారి తల్లిలేని పిల్లల్నీ ఆవిడే పెంచింది. ఉన్న ఆ ఒక్క పేరునీ నేను సర్కారు సాక్షిగా కొట్టేయించాను. జాలేసింది. అయితే ఆ సాయాన్ని వదులుకునేంత జాలి కాదు.

మొదటిరోజు కేంద్రంలో పాప బొమ్మల్ని చూడగానే నా చంకలోంచి జారి దిగిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. సాయంత్రం మేము బస్సు దిగేసరికి అత్తగారు స్టాపులో నిలబడి ఉంది. ఆవేళప్పుడు రాట్నం వదిలి బయటికి రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏడ్చిందా?"

"ఏడ్చిందండీ," అన్నాను. "నానమ్మా నానమ్మా అని ఒకటే ఏడుపు."

"ఏడవదూ మరి," అని పాపని నా చేతుల్లోంచి తీసుకుని, నాకంటే ముందు నడిచింది.