గొర్రెల ఏరోడ్రోమ్‌లో మా డ్రైవింగ్ అంకుల్

పోయిన మంగళవారం పొద్దున ఆక్లాండ్ శివారు ఫ్లాట్ బుష్‌లో ఇంటి నుంచి బయలుదేరి మోటర్‌వే ఎక్కబోతుండగా, కారు స్పీకర్లో ఆంటీ గొంతు వినిపించింది. "అంకుల్ పోయిండు బిడ్డా. తెల్లారి చాయ్ తీస్కపోయి లేపిన, లేవలే" అన్నారు. ఆమె ఏడవలేదు. నాకంటే ముందు ఎంతమందికి చెప్పారో ఏమో, అప్పటికే గొంతు అలిసిపోయి ఉంది. ఎడమ ఇండికేటర్ వేసి, అద్దంలో చూసి, ఒక స్కూలు పక్కన కారు ఆపాను. హ్యాండ్‌బ్రేక్ వేశాకే ఏడ్చాను. ఏడుపొస్తే ముందు బండి పక్కకు పెట్టాలని నేర్పింది కూడా ఆయనే. రెండోసారి టెస్ట్ ఫెయిలై వస్తూ నేను స్టీరింగ్ మీద పడి ఏడుస్తుంటే, ఓదార్చడం మానేసి ముందు ఆ మాట చెప్పారు. అప్పుడు ఒళ్ళు మండింది.

ఆయన డ్రైవింగ్ స్కూలు మాస్టారేమీ కాదు. దేశానికి దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో డెయిరీ నడిపేవారు. ఇక్కడ డెయిరీ అంటే పాలకేంద్రం అనుకునేరు, వీధి చివర చిల్లర కొట్టు. పాలిటెక్నిక్‌లో చదవడానికి వచ్చిన తెలుగు పిల్లలం అందరం మొదటి వారంలోనే ఆ కొట్లో తేలేవాళ్ళం, కందిపప్పు దొరికేది అక్కడే మరి. నాది గుంటూరు, ఆయనది వరంగల్ పక్కన పల్లె. నా మాట ఆయనకు నవ్వులాట, ఆయన మాట నాకు సగం అర్థమయ్యేది కాదు. చదువు అయ్యాక నాకు ఊరి బయట ఒక రెస్ట్ హోమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, పని దొరికింది. తెల్లవారుజామున షిఫ్టు, ఆ వేళకు బస్సు లేదు. లైసెన్స్ లేకపోతే ఆ పని లేదు, ఆ పని లేకపోతే నేను ఈ దేశంలో ఉండే మార్గమూ లేదు. ఈ సంగతి కౌంటర్ దగ్గర నిలబడి చెప్పుకుంటే, ఆయన నా పప్పు పొట్లం కట్టి, ఆదివారం మధ్యాహ్నం తయారుగా ఉండమన్నారు.

తీసుకెళ్ళింది రోడ్డు మీదికి కాదు. ఊరికి ముప్పావుగంట దూరంలో, గాలికి ఒక పక్కకే వంగిపోయిన చెట్ల వరస దాటాక, ఒక రైతు పొలం గేటు ముందు ఆపారు. దిగి గేటు తీసి, కారు లోపలికి వచ్చాక మళ్ళీ వేసి రావాలి. మూసి ఉన్నది మూసే వదలాలి, తీసి ఉన్నది తీసే వదలాలి, ఈ దేశంలో రైతుతో స్నేహానికి అదొక్కటే షరతు అన్నారు. లోపల గొర్రెలు. గొర్రెల మధ్య నుంచి, పగుళ్ళలో గడ్డి మొలిచిన సిమెంటు దారి ఒకటి కంటికి ఆనినంత దూరం నిటారుగా పోతోంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల దారి అది. యుద్ధం అయిపోయాక అందరూ వదిలేసి వెళ్ళిపోయారు.

"జపానోళ్ళొస్తరని భయపడి కట్టిర్రు. వాళ్ళు రాలే, తెలుగోళ్ళం మనమొచ్చినం" అని నవ్వేవారు. ఈ మాట కొత్తగా వచ్చిన ప్రతి స్టూడెంట్‌కీ చెప్పేవారు, చెప్పిన ప్రతిసారీ ఆయనకు కొత్తగానే నవ్వొచ్చేది.

వాళ్ళ పల్లె పక్కనే నిజాం కాలం నాటి ఏరోడ్రోమ్ ఒకటి ఉండేదట. చిన్నప్పుడు దాని మీదే బర్రెలను కాసేవారు, సైకిల్ నేర్చుకున్నదీ అక్కడే. ఏ విమానమూ దిగగా ఆయన చూడలేదు. ఇంత దూరం వచ్చి, భూమి చివర ఇల్లు కట్టుకుంటే, మళ్ళీ పక్కన ఏరోడ్రోమే తగిలిందని, విమానం మాత్రం ఇక్కడా కనబడలేదని అంటుండేవారు. నవ్వుతూనే అనేవారు.

ఆయన పద్ధతి ఒకటుంది. బండి నడిపేటప్పుడు కంటికి కనపడిందల్లా నోటితో చెప్పాలి. ఎడమ పక్క గొర్రె, ముందు గుంత, కుడివైపు నుంచి ట్రాక్టర్, ఇలా. "చెప్పనిది చూడనట్టే బిడ్డా" అనేవారు. తెలుగులోనే చెప్పించేవారు, ఇంగ్లీషు వెతుక్కునేలోపు గొర్రె కింద పడుతుందని. మూడోసారి టెస్ట్‌కు వెళ్ళినప్పుడు బెదురులో దారి పొడుగునా తెలుగులోనే చెప్పుకుపోయాను. పక్కన కూర్చున్న పెద్దమనిషి చివరిదాకా ఓపిగ్గా విని, పాస్ కాగితం చేతిలో పెట్టి, అది ఏ దేవుడి ప్రార్థన అని అడిగాడు.

పాఠం అయ్యాక ఎవరినీ తిన్నగా ఇంటికి తీసుకొచ్చేవారు కాదు. ఫ్లాస్కులో టీ తాగి, మిగిలిన బిల్డింగులన్నీ చుట్టి రావాల్సిందే. అప్పటికి నాలుగే మిగిలాయి. రైతు గడ్డి మోపులు దాచుకునే పెద్ద విమానాల షెడ్డు, ఇటుకలతో కట్టిన రెండంతస్తుల టవరు, సైనికులు పడుకున్న పొడుగాటి చెక్క ఇల్లు, విడిగా ఒక చిన్న గది. చలికి నా ముక్కు ఊడిపోతున్నట్టుండేది. దక్షిణం నుంచి వచ్చే ఆ గాలికి స్వెట్టరూ జాకెట్టూ ఒక లెక్క కాదు. ఈ పాడుబడ్డ కొంపల్లో చూడటానికి ఏముందని లోపల లోపల తిట్టుకునేదాన్ని. ఆయన మాత్రం ఏ గోడకు కొత్త పగులు వచ్చిందో, ఏ కిటికీలో పిట్ట గూడు పెట్టిందో వారం వారం చూసి వచ్చేవారు, చుట్టాలింటికి వెళ్ళినట్టు.

ఆ చెక్క ఇంట్లో ఒక మూల, మంచం వేసుకుంటే తలకు దగ్గరగా వచ్చే ఎత్తులో, గోడ మీద ఎవరో పెన్సిల్‌తో చిన్న బొమ్మ గీశారు. ఒక ఇల్లు, మెట్లు, పొగగొట్టం, దాంట్లోంచి పొగ. అంతే. అంకుల్ ప్రతిసారీ అక్కడ ఆగేవారు. "వీనికి ఇల్లు యాదికొచ్చింది" అనేవారు. ఆ గీసినతను తిరిగి ఇంటికి చేరాడో లేదో ఎవరికీ తెలియదు. అంకుల్‌కు తన ఇల్లు గుర్తొస్తుందా అని నేను ఒక్కసారీ అడగలేదు. అప్పట్లో ఇల్లు గుర్తురావడం నా ఒక్కదాని కష్టమనుకునేదాన్ని. ఇప్పుడు అడగాలని ఉంది.

ఇక ఆ చిన్న గది కథ. మందపాటి గోడలు, కిటికీలకు సన్నటి జాలీ, కప్పు నుంచి వేలాడే ఇనుప కొక్కేలు. కొక్కేలు చూడగానే గంటలు కట్టడానికేనని తేల్చేశారు అంకుల్. విమానం ఎక్కే ముందు సైనికులు మొక్కుకునే గది అయి ఉంటుందని ఆయన నమ్మకం. ఇంకేముంది, టెస్ట్‌కు ముందు ఆదివారం అందరం అక్కడ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళడం ఆచారమైంది. ఆయన అగరొత్తి వెలిగించేవారు, నేను ప్రార్థన చేసుకునేదాన్ని, నా ఫ్లాట్‌మేట్ నిజామాబాద్ ముస్లిం అమ్మాయి, తను దువా చేసుకునేది. ఎవరి దేవుడు వాళ్ళకు, గది అందరికీ. ఒకసారి గుమ్మం బయట వరసగా ఉన్న బూట్లు చూసి రైతు వచ్చి, లోపల ఏం జరుగుతోందని అడిగాడు. చెప్పాం. అతను టోపీ తీసి బుర్ర గోక్కుని, అది మెస్సుకు మాంసం నిలవ చేసే గది అని, ఆ కొక్కేలకు గొర్రెలను వేలాడదీసేవారని వాళ్ళ నాన్న చెప్పాడన్నాడు. నా ఫ్లాట్‌మేట్ నవ్వు ఆపుకోలేక గడ్డిలో కూలబడింది. అంకుల్ చాలాసేపు కొక్కేల వంక చూశారు. "ఇన్నేండ్ల సంది యాటలకు మొక్కినమా" అన్నారు. యాట అంటే వాళ్ళ వైపు గొర్రో మేకో.

మరుసటి ఆదివారం చూద్దును కదా, మళ్ళీ అక్కడే చెప్పులు విప్పుతున్నారు. ఇదేంటంకుల్ అంటే, "ఆకలైన పిలగాండ్లకు కూడువెట్టిన అర్ర. గుడి కాకుంటే ఏంది?" అన్నారు.

లైసెన్స్ వచ్చింది, పని నిలబడింది, తర్వాత పెళ్ళి, ఆక్లాండ్, ఇల్లు, ఒక పాప. పండగలకు ఫోన్ చేసేదాన్ని. ఆయన ఎప్పుడూ ముందు అడిగేది కారు సర్వీసింగ్ గురించే. రెండేళ్ళ కిందట షుగర్ వల్ల ఆయన చూపు దాదాపు పూర్తిగా పోయింది. లైసెన్స్ తిరిగి ఇచ్చేశారు. వంద మందికి స్టీరింగ్ చేతికిచ్చిన మనిషి పక్క సీట్లో కూర్చుని, ఇప్పుడు ఎక్కడున్నామని అడగాల్సి వచ్చింది.

ఈ ఫిబ్రవరిలో ఆయనే ఫోన్ చేశారు. బిల్డింగుల పై రేకులు గాలికి లేస్తున్నాయని, రైతు అన్నీ కూలగొట్టించబోతున్నాడని చెప్పారు. ఆలోపు ఒక్కసారి తీసుకెళ్ళమన్నారు. ఊళ్ళో ఉన్నవాళ్ళు తీసుకెళ్ళరా అంటే, వాళ్ళందరికీ ఆ బిల్డింగులు చూసే ఓపిక లేదన్నారు. నాకూ ఎప్పుడూ ఉండేది కాదని ఆయనకు తెలియదు. వచ్చే నెల వస్తానన్నాను. మార్చిలో పాపకు జ్వరం. ఏప్రిల్‌లో డ్యూటీ రోస్టర్ కుదరలేదు. ఆయన మళ్ళీ అడగలేదు, కారు సర్వీసింగ్ గురించి అడిగారు. మే నెలలో వెళ్ళాను.

గేటు దగ్గర రైతు కనిపించాడు. నేను దిగి వెళ్తే, మెల్లగా చెప్పాడు. ఒక రేకు ఎగిరి రోడ్డు మీద పడిందట, ఇక ఆగలేక షెడ్డునూ టవరునూ పోయిన నెలలోనే కూల్చేశాడట. చెక్క ఇల్లూ మాంసం గదీ వచ్చే వారం. కారులో ఉన్న అంకుల్ వైపు చూసి, ఆయనకు తెలుసా అని అడిగాడు. నేను చెబుతానన్నాను.

చెప్పలేదు. చెయ్యి పట్టుకుని ముందు చెక్క ఇంట్లోకి తీసుకెళ్ళాను. ఏమున్నదో అన్నీ చెప్పమన్నారు. చెప్పాను. కుడి పక్క కిటికీ అద్దం పోయింది, నేల మీద రెండు పలకలు ఊడాయి, పైన పిట్టగూడు ఉంది. బొమ్మ దగ్గరికి వెళ్ళాక ఆయన వేళ్ళు గోడ మీద పెట్టాను. పొగ ఇంకా ఉన్నదా అని అడిగారు. ఉందన్నాను, నిజంగానే ఉంది. మెట్లు? ఉన్నాయి. ఆ ఊపులోనే, టవరు, షెడ్డు అని అడిగారు. ఉన్నాయంకుల్ అనేశాను.

ఆయన ముఖం విచ్చుకుంది. "అయితే పా, ఎక్కుదాం" అన్నారు.

నా చెయ్యి పట్టుకుని నాకంటే ముందు నడుస్తున్నారు, గడ్డిలో, దారి తనకే తెలిసినట్టు. సగం దూరం వెళ్ళాక నా కాళ్ళు ఆగిపోయాయి. ఎదురుగా ఇటుకల గుట్ట, దాని పక్కన ఊడ్చి వదిలేసిన సిమెంటు నేల, దాని మీద రెండు గొర్రెలు. అంతే ఉంది.

"లేదంకుల్. టవరు లేదు. షెడ్డు కూడా లేదు. పోయిన నెలలోనే తీసేశారు. మీరు అడిగినప్పుడే నేను వచ్చి ఉంటే రెండూ ఉండేవి" అన్నాను.

ఆయన నా చెయ్యి వదల్లేదు. "నేల ఉన్నదా?" అని అడిగారు.

ఉందన్నాను.

"అయితే నడువు."

ఆ సిమెంటు నేల అంచుకు వచ్చాక నా చెయ్యి వదిలి, బూటు కొసతో తడుముకుంటూ రెండడుగులు పక్కకు జరిగారు. టవరు గుమ్మం అక్కడుండేదని నాకప్పుడు గుర్తొచ్చింది. పొట్టి గుమ్మం అది, ఆయన పొడుగు మనిషి. ఆ ఖాళీలో ఆయన తల వంచి, భుజాలు దగ్గరికి తీసుకుని లోపలికి వెళ్ళారు. వెళ్ళి నా వైపు తిరిగారు.

"తల జాగ్రత్త బిడ్డా" అన్నారు.

నేనూ తల వంచి లోపలికి వెళ్ళాను.