బొట్టు కింద చిల్లు

మా అత్త పోయింది. మొన్న పొద్దున్నే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది దీదీ" అంది. ఏళ్ళ తరబడి ఉబ్బసంతో బాధపడ్డ మనిషి, చివరికి ఆయాసపడకుండా వెళ్ళిందని విన్నాక ఏడుపుతోపాటు కాస్త నెమ్మదీ కలిగింది.

అత్త మాకు చుట్టం కాదు. భిలాయి సెక్టర్ 6లో మా ఎదురు క్వార్టర్ ఆమెది. మావాళ్ళలాగే విజయనగరం వైపు మనిషి కాబట్టి నాన్న అక్కా అన్నాడు, నాకు అత్తయింది. ఎన్నేళ్ళున్నా హిందీని దగ్గరికి రానివ్వలేదు. కూరగాయల భయ్యాతో తెలుగులోనే బేరమాడేది, చివరికి అతనే నేర్చుకున్నాడు. సుపేలా బజారుకి నాతో వస్తూ దారిలో కనిపించిన ప్రతి అరుగు మీదా కూర్చునేది. "ఆగితే ఏటైపోద్దే? రైలు కూడా టేసన్లో ఆగుతాది కదా" అనేది. నాకు చిరాకు. ఇప్పుడు నేనూ ఆ అరుగుల కోసమే చూస్తున్నాను.

విశ్వకర్మ పూజ వస్తే మా వీధిలో సైకిళ్ళకీ కుట్టుమిషన్లకీ మిక్సీలకీ అత్తే బొట్టు పెట్టాలి. ఉత్త కుంకుమ రాలిపోతుందని సింధూరం నూనెలో చిక్కగా కలిపి బొటనవేలితో అద్దేది. తొంభైల్లో ఒక ఏడాది మా నాన్న మోటారు పడవకీ ఆ బొట్టు పడింది.

కాలు దెబ్బతిని నాన్న ఉక్కు ప్లాంటు ఉద్యోగం మానేశాక, పార్కు చెరువులో పిల్లల్ని తిప్పే పడవే మా ఇంటికి ఆధారం. పూజైన మర్నాటి నుంచి దానికేదో అయింది. మెల్లగా నడిపితే బంగారం. జోరు పెంచిన కాసేపటికి గుక్కపట్టి, దగ్గి, నీరసించిపోయేది. ఆదివారం పార్కు సాహెబు పరీక్షకి వస్తున్నాడు. నిండు పడవతో అవతలి గట్టుదాకా జోరుగా వెళ్ళి రాకపోతే అక్కడ పడవ తిప్పే పని ఇంకొకరి చేతికిపోతుంది. ఎవరైనా నీళ్ళలో పడితే అందుకోలేని పడవ దేనికని ఆయన మాట. తప్పనడానికీ లేదు.

నాన్న ప్లగ్గు మార్చాడు. కార్బరేటరు కడిగాడు. నీళ్ళలో తిరిగే పంకాకి చుట్టుకున్న నాచు తీశాడు. శనివారం సుపేలా నుంచి మెకానిక్ వచ్చి అన్నీ మళ్ళీ విప్పి చూసి, "దమ్ నహీ రహా భయ్యా, ఇంజన్ బదల్ దో" అన్నాడు. సత్తువ అయిపోయింది, కొత్తది కొనమని. నాన్న గట్టు మీద కూలబడ్డాడు. మాకు టీ తెచ్చిన అత్తకి అందులో ఒక్క మాటే అర్థమైంది.

"దమ్మాడట్నేదా? అయితే నా జబ్బే! మెల్లగా నడిస్తే బాగుంటాది, ఉరికితే ఊపిరందదు. ఇది గాలి ఎక్కణ్ణించి పీలుస్తాది తమ్ముడూ?"

నాన్నకి ఆ దిగుల్లోనూ నవ్వొచ్చింది. "ఇంజను గాలిదారి శుభ్రంగానే ఉందక్కా."

"ఇంజను సరే. మరి ఈ పెట్రోలు డబ్బా? నూనె డబ్బాకి రెండు చిల్లులు పొడుస్తాం కదేటి, ఒకటి నూనెకి, ఒకటి గాలికి. దీనికి రెండోదేదీ?"

నాన్న నవ్వు ఆగిపోయింది. డబ్బా మూత మీద సన్నటి చిల్లు ఉంటుంది. పెట్రోలు బయటికి పోయినకొద్దీ గాలి లోపలికి రావలసింది అందులోంచే. మెల్లగా నడిచినప్పుడు ఎలాగో సరిపోయినా, జోరు పెంచితే గాలి చొరక పెట్రోలు రాదు. సరిగ్గా ఆ చిల్లు మీదే, గట్టిపడిపోయి, ఎర్రగా గుండ్రంగా అత్త బొట్టు! అన్ని రోజులూ మేం డబ్బాని తుడుస్తూనే ఉన్నాం, బొట్టు చెరగకుండా దాని చుట్టూ తుడిచాం. ఆ మెకానిక్ కూడా దానికి దణ్ణం పెట్టి మరీ పని మొదలుపెట్టాడు.

"ఓలమ్మా! నానే పీక నొక్కీసినానా దీనికి!" అని అత్త దగ్గొచ్చేదాకా నవ్వింది. తన బొట్టుని తనే కొంగుతో తుడిచేసి, పిన్నీసుతో చిల్లు పొడిచి, డబ్బా పక్కకి కొత్త బొట్టు పెట్టింది. "బొట్టెట్టే ముందు ముక్కెక్కడుందో సూసుకోవాలే" అంది నాతో.

ఆదివారం పడవ నెగ్గింది. మా తమ్ముడి చదువూ నా పెళ్ళీ ఆ పడవ మీదే దాటాయి. ఆ మాట అత్తతో ఎన్నిసార్లన్నా, మూసింది కూడా తనే కదా అని కొట్టిపారేసేది.

మొన్న కబురు తెలిసి వెళ్ళేసరికి ఆమెని వాకిట్లో పడుకోబెట్టారు. నుదుట బొట్టు పెట్టబోయి చూస్తే, ముక్కుల్లో దూది. నా చెయ్యి దానంతటదే ఆ దూది తీయబోయింది. వాళ్ళమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఎందుకు తీయబోయానో తనకీ తెలుసు. ఇద్దరం అక్కడే కూర్చుని ఏడ్చాం.

పడవ నెగ్గిన ఆ ఆదివారం, సాహెబు వెళ్ళిపోయాక నాన్న అత్తని పడవెక్కించాడు. నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోయే మనిషి, ఎదురుగాలికి నోరంతా తెరిచి, నీళ్ళ తుంపరకి తడిసిపోతూ అరుస్తోంది: "ఇంకా జోరుగా పోనీ తమ్ముడూ, ఇంకా!"