అవ్వ కంట్ల గోలి

అరవై తొమ్మిదిల తెలంగాణ లొల్లికి పట్నంల మా కాలేజీ మూసిండ్రు. బీఎస్సీ చదువుతున్న నేను పెట్టె పట్టుకొని చేవెళ్లకొచ్చి పడ్డ. ఇంట్ల మా బాపు తల్లి, అవ్వ, కండ్లకు పొర కమ్మి గోడలు తడుముకుంట తిరుగుతున్నది. ఆపరేషన్ చేస్తే చూపొస్తదని దవాఖానల చెప్పిండ్రు. అవ్వ ససేమిరా అన్నది.

"కన్ను పీకి, కడిగి, మళ్ల పెడ్తరంట. గుడ్డిదాన్నయినా సరే, నేను పోను."

నాకేమో సదువుకున్న పొగరు. తెల్లారి లేస్తే కార్నియా, రెటీనా అని ఆమె పానం తోడేసిన. "నీ కాలేజెప్పుడు తెరుస్తరే?" అని అడిగేది పాపం.

ఆదివారం చర్చి నుంచి వచ్చినంక తలకాయ కూర తింటున్నం. అవ్వ మేక కన్ను నమిలి, లోపలి తెల్ల గోలిని ఎప్పటిలెక్కనే పళ్లెం అంచుకు ఊంచింది. అరెరె, గిదే గదా నేను చెప్పాల్సింది!

తెల్లారి మటన్ కొట్టుకు ఉరికి పచ్చి కన్ను అడిగిన. "పెండ్లి కావాల్సిన పిల్లవు, మంత్రాలు గింత్రాలు నేర్చినవా ఏంది?" అని కొట్టాయన జంకుకుంటనే ఇచ్చిండు. వాకిట్ల కోసి, లోపలి గోలిని అవ్వ అరచేతిల పెట్టిన. ఆమె ఎండల నిలవడి, జర కనపడే కంటికి ఆనిచ్చుకొని చూసింది.

"గిదేందే, అద్దం లెక్కున్నది?"

"పచ్చిగున్నప్పుడు గట్లనే ఉంటదవ్వ. ఉడికితే తెల్లగైతది. నీ కంట్ల గోలి గూడ గట్లనే తెల్లబడ్డది. డాక్టరు గదొక్కటే తీస్తడు, కన్ను పీకడు."

అవ్వ ఆ గోలిని అరచేతిల అటిటు దొర్లిచ్చి చూసింది.

"మరి నాది ఎవలు ఉడికిచ్చిండ్రే? పొయ్యి సెగనా, మీ తాత కోపమా?"

బందుకు బస్సుల్లేవంటే, మొయినాబాద్ దవాఖాన దాకా ఎడ్లబండి కట్టిచ్చుకొని మరీ బయలెల్లింది మహాతల్లి. ఆపరేషన్ పట్టీ విప్పి సోడాబుడ్డి అద్దాలు పెట్టినంక మొదలు నన్నే చూసింది. "గింత బక్కగున్నవా? గొంతు ఇంటే దొడ్డగున్నవనుకున్న!" అని నవ్వుకుంటనే ఏడ్చింది. నేను గూడ ఏడ్చిన.

శానా ఏండ్లకు టీవీల సైన్సు చెప్పే పని దొరికింది నాకు. మొదటి కార్యక్రమంకే మేక కన్ను పట్టుకపోయిన. స్టూడియోల అందరు ముక్కులు మూసుకున్నరు. అది టీవీల వచ్చిన పొద్దు అవ్వ పక్కనే కూసున్న. ఆమె టీవీని, నన్ను మార్చి మార్చి చూసింది.

"టీవీల పిల్ల నీకంటే మంచిగ చెప్తున్నదే. గని, గోలి చేతిల పెడ్తలేదేంది?" అని అరచెయ్యి చాపింది.